అసలు మనిషిని అడిగారా?



ఇవాళ మీతో రెండు మంచాల గురించి మాట్లాడదామనుకుంటున్నాను. ఒకటి పురిటి మంచం. రెండోది చివరి మంచం. ఒకదాని దగ్గర ప్రాణం లోకంలోకి వస్తుంది. రెండోదాని దగ్గర లోకానికి సెలవు చెబుతుంది. ఈ రెండు మంచాల చుట్టూ మనుషులు ఎప్పుడూ మూగే వుంటారు. అత్తగారు, ఆడపడుచు, పెదనాన్నగారు, పక్కింటి పిన్నిగారు, ఎక్కణ్ణించో ఫోను చేసే మేనమామగారు... తలా ఒక మాట అంటూనే వుంటారు. నోరు విప్పని మనిషి ఒక్కరే. ఆ మంచం మీద వున్న మనిషి!

"బిడ్డని వుంచుకోవాలా, వద్దా?" "ప్రాణం నిలిపే యంత్రాలు ఇంకా పెట్టి వుంచాలా, చాలు అనాలా?" ఇవి చాలా బరువైన ప్రశ్నలు. వీటికి ధర్మశాస్త్రాలు జవాబులు చెప్పాయి, వైద్యులు చెప్పారు, కోర్టులు చెప్పాయి. వీధి అరుగు మీద కూర్చున్నవాళ్ళూ చెబుతారు. నేను కొత్తగా తీర్పు చెప్పబోవడం లేదు. ఈ జవాబులన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. మనం దాన్ని మర్చిపోతూంటాం. "అసలు మనిషిని అడిగారా?" అన్నదే ఆ ప్రశ్న.

లోకం తీరు ఎలా వుంటుందో మీకు తెలియంది కాదు. దూరాన వున్నవాళ్ళ సంగతి వచ్చినప్పుడు మన అభిప్రాయాలు మహా గట్టిగా వుంటాయి. "కడుపు తీయించుకోవడం పాపం" అని ఒకరు తేల్చేస్తారు. "అన్నాళ్ళు మంచాన వుంచి హింస పెట్టడం ఎందుకమ్మా, పోనివ్వక!" అని ఇంకొకరు తేల్చేస్తారు. అదే మన కూతురికి కష్టం వచ్చిందనుకోండి, పాపం అన్న నోరే "పిల్ల ఆరోగ్యం ముఖ్యం" అంటుంది. మన నాన్నగారు ఐ.సి.యు.లో వున్నారనుకోండి, పోనివ్వమన్న నోరే "ఎంత ఖర్చయినా సరే, డాక్టరుగారూ!" అంటుంది. ఇది కపటం అనుకోకండి. దూరంగా వున్నప్పుడు మనకి కనిపించేది సమస్య. దగ్గరికి వచ్చేసరికి మనిషి కనిపిస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, దగ్గరికి వచ్చాక కూడా మనం ఆ మనిషిని చూసినంతగా ఆ మనిషి మాట వినం.

ముందు పురిటి మంచం సంగతి చూద్దాం.

మన దేశంలో 1971 దాకా గర్భస్రావం చేయించుకోవడం నేరం. తల్లి ప్రాణం కాపాడడానికి తప్ప మరి దేనికీ అనుమతి లేదు. చేసినవాళ్ళకే కాదు, చేయించుకున్న ఆడదానికీ శిక్ష వుండేది. బ్రిటిషువాళ్ళు రాసిపెట్టిపోయిన శిక్షాస్మృతి అది. నేరమని రాసి వున్నంత మాత్రాన ఆగిందా? ఆగలేదు. నాటుమందులు మింగీ, తెలిసీ తెలియని చేతుల్లో పడీ ఆడవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ సంగతి పరిశీలించడానికి 1964లో ప్రభుత్వం శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక సంఘాన్ని వేసింది. ఆ సంఘం సిఫారసుల మీదే 1971లో పార్లమెంటు చట్టం చేసింది. 1972 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది.

ఈ చట్టంలో మనం మనసులో పెట్టుకోవలసిన సంగతి ఒకటుంది. పద్ధెనిమిదేళ్ళు నిండిన స్త్రీకి గర్భస్రావం చేయాలంటే ఆవిడ అంగీకారం వుండి తీరాలి. ఆ ఒక్క అంగీకారమే చాలు. భర్త సంతకం కావాలని చట్టంలో ఎక్కడా లేదు. అత్తగారి అనుమతి మాట సరేసరి! పద్ధెనిమిదేళ్ళు నిండని పిల్ల విషయంలో, మానసిక వ్యాధి వున్నవారి విషయంలో మాత్రం సంరక్షకుల అంగీకారం కావాలి. తనను అడక్కుండా గర్భస్రావం చేయించుకుందని భార్య మీదా, చేసిన డాక్టర్ల మీదా నష్టపరిహారానికి దావా వేసిన ఒక భర్త సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. 2017 అక్టోబరులో కోర్టు అతని అప్పీలును కొట్టేసింది. అయినా ఈనాటికీ "మీవారి సంతకం కావాలమ్మా" అనే ఆస్పత్రులు లేకపోలేదు. అలా అడిగితే కంగారుపడకండి. అది ఆ ఆస్పత్రి అలవాటు కావచ్చు గాని చట్టం అడిగేది కాదు.

అంటే ఎవరు ఎప్పుడు కావాలంటే అప్పుడు చేయించుకోవచ్చని కూడా అనుకోకండి. దానికి కారణాలు వుండాలి. తల్లి ప్రాణానికి ముప్పు, ఆరోగ్యానికీ మనసుకీ తీవ్రమైన హాని, బలాత్కారం, కుటుంబ నియంత్రణ సాధనం విఫలం కావడం, బిడ్డకు తీవ్రమైన లోపం వుండడం, ఇలాటివన్నమాట. డాక్టరు పరీక్షించి సరేననాలి. 2021లో చట్టాన్ని సవరించారు. ఇప్పుడు 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. అదీ కొందరికే: బలాత్కారానికి గురైనవారు, మైనరు పిల్లలు, గర్భంతో వుండగా భర్త పోయినవారు లేదా విడాకులైనవారు, ఇలా నిబంధనల్లో చెప్పినవారికి. బిడ్డలో చాలా తీవ్రమైన లోపం వుందని వైద్యమండలి తేలిస్తే 24 వారాల తరవాత కూడా అనుమతి వుంది. పాత చట్టంలో "వివాహిత స్త్రీ, ఆమె భర్త" అని వున్నచోట ఇప్పుడు "ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి" అని వుంది. పెళ్ళికాని ఆడపిల్లకు 20 నుంచి 24 వారాల మధ్య ఈ హక్కు లేదనడం తగదని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పేషెంటు పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలుశిక్ష వుంది.

చట్టం మాట ఇది. మరి జనం మాటో? "పెళ్ళికాని పిల్లకి హక్కేమిటండీ!" అని ఆశ్చర్యపోయేవాళ్ళు ఇప్పటికీ ఎంతోమంది వున్నారు. చట్టం ఢిల్లీలో మారినంత తొందరగా మన వంటింట్లో మాట మారదు.

ఇక్కడే ఇంకో మెలిక వుంది. "ఆవిడ అంగీకారం చాలు" అంటున్నాం కదా. ఆ అంగీకారం నిజంగా ఆవిడదేనా? మన దేశంలో ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఎంతమంది ఆడపిల్లలున్నారో జనాభా లెక్కల్లో చూడండి. 1981లో 962 మంది. 1991లో 945. 2001లో 927. 2011 నాటికి 920కి కూడా లోపే. ఈ తగ్గినవాళ్ళంతా ఎక్కడికి పోయారు? స్కానింగు గదిలో గుసగుసగా చెప్పిన ఒక్క మాటతో చాలామంది పోయారు. ఆ సంతకాల కాయితాల మీద "నా ఇష్టపూర్వకంగా" అనే రాసి వుంటుంది. కింద తల్లి సంతకం కూడా వుంటుంది. ఇద్దరు ఆడపిల్లల తరవాత మూడోసారి నెలతప్పిన కోడలిని, ఇంటిల్లిపాదీ "వంశోద్ధారకుడు" అని జపం చేస్తూండగా ఆస్పత్రికి తీసుకెళితే, ఆవిడ పెట్టిన సంతకంలో ఆవిడ ఇష్టం ఎంత వుంటుందంటారు?

ఈ సంగతి చట్టం రాసినవాళ్ళకూ తెలుసు. పుట్టబోయేది ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తూ 1994లో చేసిన చట్టం 1996 జనవరి 1 నుంచి అమల్లో వుంది. మొదటి తప్పుకు మూడేళ్ళ దాకా జైలు, పదివేల దాకా జరిమానా. రెండోసారికి అయిదేళ్ళ దాకా జైలు, యాభైవేల దాకా జరిమానా. ఇందులో చాలామందికి తెలియని సెక్షను ఒకటుంది. గర్భిణి అలాటి పరీక్ష చేయించుకుంటే, వేరే రుజువు దొరికేదాకా, భర్తో బంధువులో బలవంతం చేస్తేనే ఆవిడ చేయించుకుందని కోర్టు భావించాలి. చూశారా! సంతకం ఆవిడదే అయినా మాట ఆవిడది కాకపోవచ్చునని చట్టమే ఒప్పుకున్నదన్నమాట.

కొన్నిచోట్ల ఎవరినీ తప్పుపట్టలేం. 2008లో ముంబయిలో ఒక దంపతులు హైకోర్టుకు వెళ్ళారు. కడుపులో బిడ్డకు గుండెజబ్బు వుందని తెలిసేసరికి అప్పటి చట్టం పెట్టిన 20 వారాల గడువు దాటిపోయింది. గర్భస్రావానికి కోర్టు అనుమతించలేదు. దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. "అంత బాధ పడబోయే బిడ్డను కనమని తల్లిని బలవంతపెట్టడం ఏమిటి?" అన్నారు కొందరు. "లోపం వున్న బిడ్డకు బతికే హక్కు లేదా? ఇవాళ గుండె అంటారు, రేపు చెయ్యి అంటారు, ఎల్లుండి రంగంటారు!" అన్నారు మరికొందరు. వికలాంగుల తరఫున మాట్లాడేవాళ్ళ మనసులో ఆ రెండో భయం ఇప్పటికీ వుంది. అది కొట్టిపారేయదగ్గ భయం కాదు. చట్టం ఆ తరవాత తల్లి వైపు జరిగింది. కాని అంతిమంగా జరగవలసింది ఒకటే. డాక్టరు వున్నదున్నట్టు చెప్పాలి, తల్లి భయం లేకుండా ఆలోచించుకోవాలి. ఆ తరవాత ఆవిడ వుంచుకుంటానంటే ఆవిడ వెనక నిలబడాలి, వద్దంటే అప్పుడూ ఆవిడ వెనకే నిలబడాలి.

జనాభిప్రాయం ఎలా మారుతుందో చెప్పడానికి మన పిల్లే ఒకతె పరదేశంలో ప్రాణం ఇచ్చింది. సవితా హలప్పనవర్ అని, కర్ణాటకలోని బెళగావి అమ్మాయి. దంతవైద్యురాలు. భర్తతో ఐర్లండులో వుండేది. 2012 అక్టోబరులో పదిహేడు వారాల గర్భంతో గాల్వే నగరంలో ఆస్పత్రిలో చేరింది. బిడ్డ దక్కదని డాక్టర్లే చెప్పారు. అయితే గర్భం తీసెయ్యండని ఆవిడ అడిగింది. బిడ్డ గుండె ఇంకా కొట్టుకుంటున్నది కనుక చట్టం ఒప్పదన్నారు. ఇంతలో రక్తంలో విషం ఎక్కి, అక్టోబరు 28న ఆవిడ చనిపోయింది. వయసు 31 ఏళ్ళు. తల్లికీ కడుపులో బిడ్డకూ ప్రాణహక్కు సమానమని ఆ దేశం 1983లో ప్రజల ఓటుతో రాజ్యాంగంలో రాసుకుంది. అప్పుడు నూటికి 66 మందికి పైగా సరేనన్నారు. 2018 మే నెలలో మళ్ళీ ఓటు పెడితే నూటికి 66 మంది ఆ మాట తీసెయ్యమన్నారు. ఈసారి ఓటు అడిగేటప్పుడు గోడల మీద సవిత బొమ్మ వుంది. సమస్యకు ఒక ముఖం వచ్చింది. "నన్ను అడిగారు కదా, నేను చెప్పాను కదా, ఎందుకు వినలేదు?" అని ఆ ముఖం అడిగినట్టయింది.

మన దగ్గర దీనికి వ్యతిరేకంగా ఇంకో సంగతి జరిగింది. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై ఏళ్ళు దాటిన ఒకావిడ, వైద్యుల సాయంతో, కవలపిల్లల్ని కన్నది. పిల్లల్లేనిదన్న మాట ఎన్నో ఏళ్ళు పడ్డానని ఆవిడ పత్రికలవాళ్ళతో చెప్పుకుంది. కొందరు ఆనందంతో చప్పట్లు కొట్టారు. కొందరు "ఆ పిల్లలకి పదేళ్ళొచ్చేసరికి తల్లి వుంటుందా?" అని మండిపడ్డారు. ఇక్కడ తల్లి మాట విన్నారు, నిజమే. కాని ఆ మాటను ఆవిడ చేత అనిపించింది ఎవరు? గొడ్రాలని ఆడిపోసుకునే లోకం కాదూ? పైగా, పుట్టబోయే పిల్లలు నోరు విప్పి చెప్పలేరు గదా! వాళ్ళ తరఫున ఎవరో ఒకరు హద్దు గీయాలి. 2021లో వచ్చిన చట్టం ఆ హద్దు గీసింది. ఇలాటి వైద్యానికి స్త్రీకి 21 నుంచి 50 ఏళ్ళు, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ళు వయసు వుండాలని ఇప్పుడు నిబంధన.

ఇక రెండో మంచం దగ్గరకు వద్దాం.

చావు మాట ఎత్తితే చాలు, "శుభమా అని కూర్చుంటే ఆ మాటలేమిటి!" అంటాం. కాని మనవాళ్ళు చావుకు భయపడి మాట్లాడనివాళ్ళు కారు. ఆయాసం లేని చావు ఇమ్మనీ, ఒకరి ముందు చెయ్యిచాచని బతుకు ఇమ్మనీ మన పెద్దలు రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేవారు. 1982 నవంబరులో ఆచార్య వినోబా భావే జబ్బుపడి, ఇక చాలనుకుని ఆహారం, మందులు మానేశారు. ఎందరో బతిమాలినా వినకుండా నవంబరు 15న వార్ధా దగ్గర పవనార్ ఆశ్రమంలో కన్నుమూశారు. దేశం దాన్ని ఆత్మహత్య అనలేదు. మహాప్రస్థానమని చేతులు జోడించింది. జైనులు చేసే సంథారా వ్రతాన్ని 2015 ఆగస్టులో రాజస్థాన్ హైకోర్టు నేరమంటే, జైనులు ఊళ్ళూరా ఊరేగింపులు తీశారు. ఆ నెలాఖరులోనే సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలిపేసింది. కనుక మన జనానికి ఈ విషయంలో ఒకే అభిప్రాయం ఎప్పుడూ లేదు. ఒక చేత్తో దణ్ణం పెడతాం, ఇంకో చేత్తో వేలు చూపిస్తాం.

వినోబాగారి మాటను మన్నించడం తేలికయింది. ఎందుకంటే ఆయన తన మాట తనే చెప్పారు. మాట చెప్పలేని మనిషి గతి ఏమిటి?

అరుణా షాన్‌బాగ్ సంగతి మీలో చాలామందికి తెలిసే వుంటుంది. ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రిలో నర్సు. 1973 నవంబరు 27న అదే ఆస్పత్రిలో పనిచేసే ఒకడు కుక్క గొలుసుతో ఆవిడ మెడ బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకు ప్రాణవాయువు అందక, ఆవిడ తెలివి తిరిగి రాలేదు. దాదాపు 42 ఏళ్ళు అదే ఆస్పత్రిలో ఒక మంచం మీద వుండిపోయింది. నర్సులు మారారు, రిటైరయ్యారు, కొత్తవాళ్ళు వచ్చారు. అందరూ కన్నబిడ్డలా చూసుకున్నారు. ఆవిడ కథను పుస్తకంగా రాసిన పింకీ విరానీ, ఈ జీవుణ్ణి ఇంకా ఇలా వుంచవద్దు, బలవంతంగా ఆహారం పెట్టడం ఆపించండని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. వీల్లేదు, ఈమె మా మనిషి అన్నారు నర్సులు. 2011 మార్చి 7న కోర్టు నర్సుల మాటే విన్నది. ఆవిడ 2015 మే 18న న్యుమోనియా వచ్చి పోయింది.

పింకీ విరానీది దయ. నర్సులది ప్రేమ. రెండిట్లో దేన్నీ తప్పనలేం. కాని ఇద్దరికీ తెలియంది ఒకటే: అరుణ ఏమంటుంది? ఆ మాట చెప్పే వ్యవధి ఆవిడకు దొరకలేదు.

అయితే ఆ కేసు వూరికే పోలేదు. కోలుకునే ఆశ లేని రోగికి, హైకోర్టు అనుమతితో, యంత్రాలూ చికిత్సా ఆపవచ్చునని ఆ తీర్పులోనే మొదటిసారి చెప్పారు. ఆ తరవాత 2018 మార్చి 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇంకో అడుగు వేసింది. గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమే అన్నది. మనిషి తెలివిగా వున్నప్పుడే, ముందు జాగ్రత్తగా తన ఇష్టం కాయితం మీద రాసిపెట్టుకోవచ్చునన్నది. దీన్నే లివింగ్ విల్ అంటున్నారు. ఆస్తి వీలునామా మనం పోయాక పనిచేస్తుంది. ఇది మనం వుండగానే, కాని నోరు లేనప్పుడు పనిచేస్తుంది. మొదట్లో దీనికి మేజిస్ట్రేటు సంతకం కావాలన్నారు. అది జనానికి అందని పండయింది. 2023 జనవరిలో కోర్టే ఆ పద్ధతిని సులువు చేసింది.

ఇప్పుడు ఏం చెయ్యాలో చెబుతాను, కావాలంటే రాసుకోండి. పద్ధెనిమిదేళ్ళు నిండి, మంచి మనసుతో వున్న ఎవరైనా, ఎవరి బలవంతమూ లేకుండా రాయవచ్చు. ఏ పరిస్థితిలో ఏ చికిత్స వద్దో తెలిసేటట్టు రాయాలి. తనకు మాట లేనప్పుడు తన తరఫున మాట్లాడవలసినవాళ్ళ పేర్లు, ఒకరివైనా ఇద్దరివైనా, అందులో వుండాలి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, నోటరీ చేతగాని గెజిటెడ్ ఆఫీసరు చేతగాని ధృవీకరణ చేయించాలి. పేరు రాసినవాళ్ళకూ, ఇంటి డాక్టరు వుంటే ఆయనకూ, మునిసిపాలిటీ వంటి స్థానిక సంస్థలో ఇందుకని నియమించిన అధికారికీ ఒక్కొక్క ప్రతి ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

"అమ్మో! కాయితం చూపించి ముసలివాళ్ళను చంపేస్తారేమో!" అని మీకు గుండె గుభేలుమనవచ్చు. ఆ భయం వుండవలసిందే. అందుకనే కాయితం ఒక్కటే చాలదన్నారు. జబ్బు నయంకాదని తేలాలి, రోగికి తన మాట తను చెప్పే శక్తి పోయి వుండాలి. ఆస్పత్రిలో ముగ్గురు డాక్టర్ల మండలి ఒకటి చూడాలి. వాళ్ళతో సంబంధం లేని మరో ముగ్గురి మండలి మళ్ళీ చూడాలి. రెండో మండలిలో ఒకరు జిల్లా వైద్యాధికారి నియమించినవారై వుండాలి. ఒక్కొక్క మండలి వీలైతే 48 గంటల్లో తన అభిప్రాయం చెప్పాలి. కాయితం రాయనివాళ్ళ విషయంలోనూ ఇదే పద్ధతి, కాకపోతే అప్పుడు అయినవాళ్ళ అంగీకారం అడుగుతారు. ప్రాణం తీసే ఇంజక్షను ఇవ్వడం మాత్రం మన దేశంలో నేరమే. ఇది చంపడం కాదు. ఫలితం లేని చికిత్సతో చావును సాగదీయకపోవడం.

ఇంకో అపోహ కూడా పోవాలి. చికిత్స ఆపడమంటే మనిషిని వదిలెయ్యడం కాదు. నొప్పి తగ్గించడం, ఆయాసం తగ్గించడం, నోరు తడపడం, పక్కన కూర్చోవడం... ఇవన్నీ అప్పుడే ఎక్కువ కావాలి. దీనికి ఉపశమన వైద్యమని పేరు. కేరళలో కోళికోడులో 1993లో మొదలై, వీధివీధినా మామూలు మనుషులే సాయపడేటంతగా పెరిగింది. మన హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రిలో దీనికి ఒక విభాగమే వుంది. ఒకప్పుడు మార్ఫిన్ మందు దొరకడమే గగనమయ్యేది. 2014లో చట్టం సవరించాక ఆ ఇబ్బంది కొంత సడలింది. "ఇక మా వల్ల కాదు, ఇంటికి తీసుకుపొండి" అని డాక్టరు అన్నప్పుడు, "నొప్పి లేకుండా చూసే డాక్టరు ఎక్కడున్నారు?" అని అడగడం మన హక్కు.

తన మాట తను చెప్పిన ఒక కుర్రవాడి సంగతి చెబుతాను. 2004 డిసెంబరు, హైదరాబాదు. పాతికేళ్ళవాడు. చదరంగం ఆడేవాడు. కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే జబ్బుతో వెంటిలేటరు మీద వున్నాడు. తను పూర్తిగా పోయేలోగానే తన అవయవాలు ఇంకొకరికి ఇప్పించమని తల్లిని అడిగాడు. ఆ తల్లి గుండె రాయి చేసుకుని హైకోర్టుకు వెళ్ళింది. చట్టంలో అలాటి అవకాశం లేదని కోర్టు కాదంది. కొద్దిరోజుల్లోనే అతను పోయాడు. కళ్ళు మాత్రం దానం చేయగలిగారు. చట్టం అడ్డుపడడం సబబే కావచ్చు, ప్రాణం వుండగా అవయవాలు తీస్తే రేపు అది ఎక్కడికి దారితీస్తుందో! కాని ఆ తల్లి చేసినదేమిటో చూడండి. "నోర్ముయ్యి, అపశకునం మాటలు" అనలేదు. కొడుకు మాట విన్నది. విన్న మాటను తనతో కోర్టు మెట్లదాకా మోసుకెళ్ళింది.

మనం చెయ్యవలసిందీ అంతే. కాకపోతే జాగ్రత్త ఒకటుంది. మంచానపడ్డ అత్తగారు "నాకేం వద్దమ్మా, నన్ను పోనివ్వండి" అంటే, అది ఆవిడ మాటేనా? లేకపోతే కొడుకు ఖర్చు లెక్కలు చెవినపడి అన్న మాటా? నాలుగుసార్లు విసుక్కున్నాక అన్న మాటా? ఆడపిల్లని తెలిసి "నాకొద్దు" అన్న కోడలి మాట ఎలాటిదో, ఇదీ అలాటిదే కావచ్చు. నోరు ఆవిడది, మాట ఇంటిది. అందుకని అడిగితే చాలదు, భయం లేకుండా చెప్పగలిగేటట్టు కూడా చూడాలి. డబ్బు మాట ఎత్తకుండా, కన్నీళ్ళు పెట్టించకుండా, ఒకసారి కాదు, రెండు మూడుసార్లు, వేరువేరు రోజుల్లో అడగాలి. చెప్పిన జవాబు మనకు నచ్చకపోయినా వినాలి. "నాకు బతకాలని వుంది, అన్ని వైద్యాలూ చేయించండి" అన్నా అది వాళ్ళ మాటే. దానికీ అంతే విలువ ఇవ్వాలి.

ఎప్పుడడగాలంటారా? ఐ.సి.యు. తలుపు దగ్గర నిలబడి కాదు. అందరూ కులాసాగా వున్నప్పుడే. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, చిక్కుడుకాయలు వలుచుకుంటూ అడగవచ్చు. "అత్తయ్యా, నాకేమన్నా అయితే నన్ను అన్నాళ్ళు గొట్టాలతో వుంచొద్దు సుమండీ. మీ సంగతేమిటి?" అని మన సంగతితో మొదలుపెడితే ఎదుటివాళ్ళకు నొప్పి తెలియదు. పెళ్ళికి సిద్ధంగా వున్న కూతురితో, కాపురానికి వచ్చిన కోడలితో మాట్లాడేటప్పుడు, "నీ ఒంటి విషయంలో నీ మాటే చివరి మాట, మేం నీ వెనకాల వుంటాం" అని ఒక్కసారి అని చూడండి. ఆ పిల్ల ఎప్పటికీ మర్చిపోదు.

లోకం ఎప్పుడూ తలా ఒక మాట అంటూనే వుంటుంది. దాని నోరు మనం మూయలేం. మన ఇంట్లో మాత్రం, మంచం చుట్టూ చేరిన పదిమందినీ కాసేపు వూరుకోమని, మంచం మీది మనిషి వైపు తిరిగి, "నువ్వేమంటావు?" అని అడగగలం. ఈ వారంలోనే ఎవరినో ఒకరిని అడిగి చూడండి.

సెలవు.